మూతి నుంచి దట్టించే తుపాకి: కొనే ముందు తెలుసుకోవలసినవి

ఈ వారం విషయం విని మీలో కొంతమంది ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. ఐటీ కన్సల్టెంటుకి తుపాకి గొడవ ఎందుకని మా ఆవిడే అడిగింది. ఫోన్లో సంగతి విన్న మా అమ్మ అయితే "ఏరా, అంత దూరం వెళ్ళి చదువుకున్నది జింకల్ని చంపడానికా?" అంది. ఆమెకి నేను ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేకపోయాను.

అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మన పిల్లలు ఇక్కడి పిల్లలతో కలిసి పెరుగుతున్నారు. ఆఫీసులో పక్క సీటాయన నవంబరు రాగానే వారం సెలవు పెట్టి అడవికి పోతాడు. "నువ్వూ రారాదా?" అని ఒక్కసారైనా పిలుస్తాడు. రానని చెప్పేవాళ్ళతో పేచీ లేదు. వస్తాననేవాళ్ళు మాత్రం కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్ళాలి. తెలియకుండా వెళితే ప్రాణానికీ, వీసాకీ రెండింటికీ ముప్పే. నేను ఒహాయోలో ఉంటాను కాబట్టి అక్కడి ఉదాహరణలే ఎక్కువ చెబుతాను.

ముందు ఈ తుపాకి ఏమిటో చెప్పుకుందాం. ఇంగ్లీషులో మజిల్‌లోడర్ అంటారు. మజిల్ అంటే గొట్టం మూతి. మామూలు రైఫిల్లో మందు, గుండు, ప్రైమరు అన్నీ ఒకే తూటాలో ఇమిడి ఉంటాయి. దాన్ని వెనకనుంచి పెడతారు. మజిల్‌లోడర్‌లో అలా కాదు. గొట్టం మూతిలోంచి ముందు మందు పోయాలి, దాని మీద గుండు పెట్టి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. తర్వాత వెనక నిప్పు రాజేసే ప్రైమరు పెట్టాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ మొదటినుంచీ ఈ తంతంతా చెయ్యాలి.

ఇది మనకి కొత్తదేమీ కాదు. మాది అప్పటి ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఊరు. రాత్రిపూట అడవి పందులు దిగి వేరుశనగ చేలని దున్నేసేవి. మా తాతయ్య దగ్గర లైసెన్సున్న నాటు తుపాకి ఒకటి ఉండేది. మన దేశపు 1959 నాటి ఆయుధాల చట్టంలోనే పంట కాపలా కోసం మూతినుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలుంది. తాతయ్య మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, గుళ్ళు వేసి, మళ్ళీ పీచు కుక్కి దట్టించేవాడు. పందుల్ని కొట్టడంకన్నా చప్పుడుతో తరమడమే ఎక్కువ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదుని ఆయన భూమి పట్టాలతో కలిపి ట్రంకు పెట్టెలో దాచడం నాకు బాగా గుర్తు.

మరి ఇన్ని ఆధునిక రైఫిళ్ళున్న అమెరికాలో ఇంకా ఈ పాతకాలపు పద్ధతి ఎందుకు? కారణం వేట సీజన్లు. చాలా రాష్ట్రాలు మామూలు తుపాకులకి కొన్ని రోజులు, విల్లంబులకి కొన్ని రోజులు, మజిల్‌లోడర్‌కి విడిగా కొన్ని రోజులు కేటాయిస్తాయి. ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజులు మజిల్‌లోడర్ సీజను ఉంటుంది. అప్పటికి అడవిలో జనం పలచబడతారు. ఆ పైన, చేతిలో ఒకే ఒక్క గుండు ఉందని తెలిసినవాడు తొందరపడడు. నేను దీని వైపు మొగ్గడానికి అసలు కారణం ఆ రెండోదే.

ఇక తుపాకి గురించి ఒక్క మాట చెప్పేముందు చట్టం గురించి చెప్పాలి. దయచేసి ఈ భాగం శ్రద్ధగా వినండి.

మనలో చాలామందిమి ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 వీసాల మీద ఉన్నాం. అమ్మానాన్నలు వస్తే బి-2 మీద వస్తారు. ఇవన్నీ నాన్‌ఇమిగ్రెంట్ వీసాలే. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకిగానీ, దాని మందుగుండు సామగ్రిగానీ దగ్గర ఉంచుకోకూడదు. అది నేరం. 2022లో చేసిన మార్పు తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. దేశం నుంచి పంపించివేయడానికీ అది కారణం కావచ్చు. "దగ్గర ఉంచుకోవడం" అంటే కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవడం ఒక్కటే కాదు. షూటింగ్ రేంజిలో స్నేహితుడి తుపాకిని పది నిమిషాలు చేత్తో పట్టుకున్నా అందులోకే వస్తుంది. వారాంతంలో సరదాగా రేంజికి వెళ్ళి ఫోటోలు దిగే కుర్రాళ్ళకి ఈ సంగతి తెలియదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటి. అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు మీ దగ్గర ఉంటే ఆ నిషేధం వర్తించదు. ఆ లైసెన్సు గడువు దాటకుండా ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ బెడద లేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 1968 నాటి ఫెడరల్ చట్టం మజిల్‌లోడర్లని చాలామటుకు "పురాతన ఆయుధాలు"గా చూస్తుంది, అంటే దాని లెక్కలో అవి తుపాకులే కావు. దుకాణంలో కూరల కత్తి కొన్నట్టు కొనుక్కోవచ్చని అందుకే చెబుతారు. ఆ మాట నమ్మి ముందుకి పోకండి. మొదటి సంగతి, గొట్టం మార్చి మామూలు రైఫిలుగా వాడుకోగల మోడళ్ళు మామూలు తుపాకుల కిందికే వస్తాయి. థాంప్సన్ సెంటర్ వాళ్ళ ఎన్‌కోర్ అలాంటిది. రెండో సంగతి, ఈ తుపాకుల్లో వాడే 209 ప్రైమరు షాట్‌గన్ తూటాల్లో వాడేదే. ప్రైమర్లు కూడా మందుగుండు సామగ్రేనని చట్టంలో రాసి ఉంది. మూడోది, కొన్ని రాష్ట్రాల చట్టాలు ఫెడరల్ చట్టంకన్నా గట్టివి. ఫెడరల్ లెక్కలో తుపాకి కానిది వాళ్ళ లెక్కలో తుపాకి కావచ్చు.

నా అనుభవం చెబుతాను. మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరు కాబోతున్నారు, పొలం ఉంది. నన్ను మొదట అడవికి పిలిచింది ఆయనే. వేట లైసెన్సు కోసం క్లాసులో పేరు ఇచ్చాను, ఇంకా పరీక్ష కాలేదు. "ఈలోగా నా తుపాకి తీసుకెళ్ళి ఇంట్లో అలవాటు చేసుకో" అని ఆయన కారు డిక్కీ తెరిచారు. చెయ్యి చాచాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి, వీసా పనులు చూసే లాయరుకి ఫోను చేశాను. ఆమె ఒకటే అంది: "లైసెన్సు చేతికొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు, నీ గదిలో ఒక్క ప్రైమరు కూడా ఉండకూడదు." అప్పటికి నా గ్రీన్‌కార్డు అప్లికేషను వేసి ఏడాది. మా పాప పుట్టి ఆరు నెలలు. ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మీ పరిస్థితి నాలాగే ఉంటుందని లేదు. అందుకని మీ లాయరుని మీరు అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

కాబట్టి మొదటి మెట్టు వేట లైసెన్సు. ఒహాయోలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచెయ్యాలి. అనుభవజ్ఞుడి వెంట ఉండి వేటాడే అప్రెంటిస్ లైసెన్సు కూడా ఉంది. నా సలహా కోర్సు చెయ్యమనే. అక్కడ నేర్పే నాలుగు సూత్రాలు ఎప్పటికీ మరిచిపోరు. ప్రతి తుపాకిలోనూ మందు ఉందనే అనుకోవాలి. మూతి ఎప్పుడూ మనుషులు లేని వైపే ఉండాలి. గురిపెట్టిన దాని వెనక ఏముందో చూసుకోవాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు.

రెండో మెట్టు మీ రాష్ట్రపు నిబంధనల పుస్తకం. తుపాకి కొన్నాక చదివేది కాదది, కొనే ముందే చదవాలి. ఎందుకంటే ఒక రాష్ట్రంలో చెల్లే తుపాకి ఇంకో రాష్ట్రంలో చెల్లదు. ఒహాయోలో .38 క్యాలిబరు, అంతకు పైది చాలు. స్కోపు పెట్టుకోవచ్చు. పెన్సిల్వేనియాలో అక్టోబరు సీజనుకి ఆధునిక మజిల్‌లోడర్ పనికొస్తుంది. క్రిస్మస్ తర్వాత వచ్చే సీజనుకి మాత్రం చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పాతకాలపు తుపాకే ఉండాలి. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజనులో స్కోపు కూడదు, ప్లాస్టిక్ తొడుగున్న గుండు కూడదు, బిళ్ళల మందు కూడదు. జింకకి .40, ఎల్క్‌కి .50 తగ్గకూడదు. ఒహాయో దుకాణంలో మోజుపడి కొన్న సామానంతా మూటకట్టుకుని కొలరాడో వెళితే సగం కారులోనే వదిలేయాలి.

ఇప్పుడు తుపాకి దగ్గరికి వద్దాం. నిప్పు రాజుకునే పద్ధతిని బట్టి వీటిలో మూడు రకాలు. మొదటిది చెకుముకి రాయి రకం, ఫ్లింట్‌లాక్. రాయి ఉక్కుకి తగిలి రవ్వలు రాలి, పక్కనున్న చిన్న పళ్ళెంలోని మందు అంటుకుని, అది లోపలి మందుని అంటిస్తుంది. వాన పడితే దేవుడే దిక్కు. రెండోది టోపీ రకం. చిన్న రాగి టోపీ మీద సుత్తి పడితే నిప్పు పుడుతుంది. మూడోది ఆధునికమైన ఇన్‌లైన్ రకం. ఇందులో ప్రైమరు గొట్టానికి సరిగ్గా వెనక, అదే వరుసలో ఉంటుంది. నిప్పు మలుపు తిరగకుండా నేరుగా మందులోకి దూకుతుంది. మిస్సోరీకి చెందిన టోనీ నైట్ 1985లో తెచ్చిన ఎంకే-85 ఈ రకానికి బజారులో గట్టి చోటు సంపాదించి పెట్టింది. ఇవాళ దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా 209 ప్రైమరుతో పేలే ఇన్‌లైన్లే. మీ రాష్ట్రం ఒప్పుకుంటే కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఇన్‌లైన్లలో మధ్యకి విరిచి తెరిచే బ్రేక్ యాక్షన్ రకం, బోల్టు రకం ఉన్నాయి. బ్రేక్ యాక్షన్ తేలిక. తెరవగానే ప్రైమరు ఉందో లేదో కంటికి కనబడుతుంది. చలికి మొద్దుబారిన వేళ్ళతో కూడా ప్రైమరు తీయగలం. ఒహాయోలో ప్రైమరు తీసేస్తే మజిల్‌లోడర్‌ని ఖాళీ తుపాకిగానే లెక్కిస్తారు. లోపల మందూ గుండూ ఉన్నా సరే. ఇది చట్టం లెక్క. ఇంట్లో మాత్రం ఆ లెక్క చెల్లదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

క్యాలిబరు అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళంలో ఎన్నో వంతు అనే లెక్క. .45, .50, .54 దొరుకుతాయి. కొత్తవాళ్ళు కళ్ళు మూసుకుని .50 తీసుకోండి. గుండ్లు, సామాను అన్ని దుకాణాల్లోనూ దొరికేది దానికే. చాలా రాష్ట్రాల నిబంధనలకీ అది సరిపోతుంది.

క్యాలిబరు పక్కనే 1:28, 1:48, 1:66 లాంటి అంకెలు కనిపిస్తాయి. గొట్టం లోపల మెలికలుగా గాడులు ఉంటాయి, గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్ళేది వాటివల్లే. 1:28 అంటే 28 అంగుళాల పొడవులో గాడి ఒక పూర్తి చుట్టు తిరుగుతుందన్నమాట. పొడుగాటి ఆధునిక గుండుకి ఎక్కువ తిప్పు కావాలి కాబట్టి 1:28 సరిపోతుంది. గోళీలాంటి సీసపు గుండుకి తక్కువ తిప్పు చాలు, అందుకే పాత తరహా తుపాకుల్లో 1:66 దాకా ఉంటుంది. 1:48 మధ్యేమార్గం. మీరు ఏ గుండు వాడాలనుకుంటున్నారో తేల్చుకోకుండా గొట్టం కొనకండి.

తర్వాత చూడవలసింది బ్రీచ్ ప్లగ్. గొట్టం వెనక చివర బిగించే మర లాంటి బిరడా అది. మజిల్‌లోడర్ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ చూసేది దీన్నే. పాత తరహావాటిలో వెనక పక్క తెరుచుకోదు. లోపల మందు ఉండిపోతే పేల్చి ఖాళీ చెయ్యాలి, లేదా మూతిలోంచి గుండుని తోడి తియ్యాలి. ఆధునికమైనవాటిలో బ్రీచ్ ప్లగ్ విప్పేసి, గుండునీ మందునీ కడ్డీతో నెట్టేస్తే అయిపోతుంది. కొన్ని మోడళ్ళలో పానా కూడా అక్కరలేదు, చేత్తోనే విప్పవచ్చు. పిల్లలున్న ఇంటివాడికి ఇంతకు మించిన సదుపాయం లేదు. దుకాణంలో ఉండగానే విప్పి చూపించమని అడగండి. మర గాడులకి వేడిని తట్టుకునే గ్రీజు రాయడం మరిచిపోతే అది బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరివల్లా కాదు.

ఇక మందు. అసలు నల్లమందు పాళ్ళు వందల ఏళ్ళుగా దాదాపు ఒకటే: సూరేకారం 75, బొగ్గు 15, గంధకం 10. ఇప్పుడు దాని బదులు పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటివి వాడుతున్నారు. వదులు పొడిగా దొరికేవి కొన్ని, బిళ్ళలుగా దొరికేవి కొన్ని. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, కడగడం సులువు. అయితే నల్లమందుకన్నా ఘాటు ఎక్కువ. బ్లాక్‌హార్న్ తేమని అంతగా పీల్చదు, మసి తక్కువ, ధర మాత్రం ఎక్కువ. అది అంటుకోవడానికి గట్టి 209 ప్రైమరు కావాలి, తుపాకి బ్రీచ్ ప్లగ్ కూడా దానికి తగినదై ఉండాలి. కొనే ముందు తుపాకి పుస్తకంలో చూడండి.

ఈ మందు కొలతలో కొత్తవాళ్ళందరూ తికమకపడతారు. గ్రెయిన్ అనేది బరువు, పౌనుకి 7000 గ్రెయిన్లు. కానీ ఇక్కడ 100 గ్రెయిన్లు అంటే తూకం కాదు, కొలత. మన ఇళ్ళల్లో సోలతో బియ్యం కొలిచినా అటుకులు కొలిచినా సోల ఒకటే. బరువు మాత్రం వేరు కదా. అదే లెక్క. నల్లమందు 100 గ్రెయిన్లు పట్టే కొలపాత్రలో బదులు మందు పోస్తే తూకానికి 70, 75 గ్రెయిన్లే ఉండవచ్చు. దాన్ని త్రాసులో పెట్టి 100 తూచి పోస్తే మోతాదు మించిపోయినట్టే. అందుకని కొలపాత్ర వాడండి, త్రాసు వాడకండి. జింక వేటకి 100 గ్రెయిన్ల కొలత సాధారణంగా చాలు. 150 దాకా పడుతుందని పెట్టె మీద రాశారని నింపితే భుజం వాచడం తప్ప నాకేమీ లాభం కనబడలేదు.

ఇంకొకటి, ప్రాణం మీదికొచ్చే సంగతి. మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు, స్మోక్‌లెస్ పౌడర్, ఇందులో ఎప్పుడూ పొయ్యకూడదు. దానికోసమే ప్రత్యేకంగా చేసిన తుపాకులు కొన్ని ఉన్నాయి. మీ తుపాకి తయారుచేసినవాళ్ళు ఆ మాట స్పష్టంగా రాసి ఉంటే తప్ప వద్దు. గొట్టం చిట్లిపోయి చేతులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

గుండ్ల విషయానికొస్తే ఎక్కువమంది వాడేది సేబో రకం. గొట్టంకన్నా సన్నటి గుండుకి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మూతి దాటగానే తొడుగు ఊడిపోతుంది. .50 తుపాకికి 250 గ్రెయిన్ల గుండు తెల్లతోక జింకకి ధారాళంగా సరిపోతుంది. మాంసం ఇంటికి తెచ్చుకునేవాళ్ళు సీసం గురించి ఆలోచించాలి. సీసపు గుండు జింకకి తగిలినప్పుడు కంటికి కనబడని ముక్కలు మాంసంలో దూరం దాకా చెదురుతాయి. 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ ఈ కారణంతోనే, అన్నదాన కేంద్రాలకి వేటగాళ్ళు ఇచ్చిన జింక మాంసాన్ని పారేయమని చెప్పింది. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటలో సీసమే కూడదు. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇల్లయితే రాగి గుండు వాడండి. ధర ఎక్కువే, నేను మాత్రం అదే వాడుతున్నాను.

గురి చూసుకోవడానికి మామూలు స్కోపు చాలు. 100 గజాలకి గురి సరిచేసుకుంటే 150 గజాల దగ్గర గుండు సుమారు అర అడుగు కిందికి దిగుతుంది. నేను 100 గజాలు దాటితే కాల్చను. ఎంత దూరం పోతుందని దుకాణంవాడు చెప్పేది తుపాకి సంగతి, మన చెయ్యి సంగతి కాదు. గాయపడి అడవిలో పడి చచ్చే జింకని తలుచుకుంటే ఆ నియమం దానంతటదే వస్తుంది.

ధరలు చూద్దాం. సీవీఏ, ట్రెడిషన్స్ కంపెనీల ప్రారంభపు మోడళ్ళు మూడు వందల డాలర్లకి అటూ ఇటూ వస్తాయి. అయిదారు వందలు పెడితే తుప్పు పట్టని ఉక్కు గొట్టం, మెరుగైన ట్రిగ్గరు వస్తాయి. వెయ్యి దాటినవి దూరాలు కొట్టే సరదా ఉన్నవాళ్ళకి. ఈ తుపాకికి తుప్పే మొదటి శత్రువు కాబట్టి, డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే స్టెయిన్‌లెస్ గొట్టం మీద పెట్టండి. తుపాకి ధర మీద మరో వంద, నూటయాభై డాలర్లు మందు, గుండ్లు, ప్రైమర్లు, కడిగే సామానుకి అవుతాయి. పాతది కొంటే ముందు లోపల ఎవరైనా దట్టించి వదిలేశారేమో చూడాలి. కడ్డీని గొట్టంలోకి వదిలి, ఎంత లోపలికి పోయిందో బయట పెట్టి కొలుచుకోండి. అడుగుదాకా పోకపోతే లోపల ఏదో ఉంది.

నేను కొన్నది .50 క్యాలిబరు, 1:28 తిప్పు, చేత్తో విప్పే బ్రీచ్ ప్లగ్గున్న బ్రేక్ యాక్షన్, స్టెయిన్‌లెస్ గొట్టం. దాన్ని ఎంచుకోవడం ఒక ఎత్తు, వాడడం నేర్చుకోవడం ఒక ఎత్తు.

మొదటి ఏడు రేంజిలో జరిగింది చెబుతాను. మందు పోశాను. పక్కనున్నాయన మన ఆవకాయ గురించి ఏదో అడిగాడు. జవాబు చెబుతూ గుండు పెట్టి కడ్డీతో తోశాను. బిగుతుగా ఆగింది, అయిపోయిందనుకున్నాను. మా పెద్దాయన కడ్డీ వైపు చూసి "గీత ఎక్కడుంది?" అన్నారు. సరిగ్గా దట్టించినప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర ఎక్కడికి వస్తుందో ఆయన ముందే ఒక గీత గీయించారు. ఆ గీత మూతికి నాలుగు అంగుళాల పైన ఉంది. అంతకు ముందు కాల్పుల మసి పేరుకుని గుండు దారిలో ఇరుక్కుపోయింది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, చిట్లవచ్చు. నా ముఖం గొట్టానికి ఎంత దగ్గరగా ఉంటుందో అప్పుడు తెలిసింది. బ్రీచ్ ప్లగ్ విప్పి అంతా బయటికి నెట్టేశాం. ఆ రోజు మళ్ళీ కాల్చలేదు.

కాబట్టి కడ్డీ మీద రెండు గీతలు గీసుకోండి, ఖాళీగా ఉన్నప్పటిది ఒకటి, దట్టించినప్పటిది ఒకటి. దట్టించేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకండి. ప్రతి కాల్పు తర్వాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. మందుని డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పొయ్యకండి, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే కనీసం ఒక నిమిషం మూతిని అదే వైపు ఉంచండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. కాల్చాక అదే రోజు కడగండి. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ మసి వేడి సబ్బునీళ్ళకి పోతుంది, బ్లాక్‌హార్న్‌కి మాత్రం తుపాకులు తుడిచే సాల్వెంటు కావాలి. రేపు చూద్దాంలే అనుకుంటే పొద్దుటికే ఎర్రమచ్చలు పడతాయి.

వేటకి వెళ్ళేముందు కూడా లోపలి నూనె పూర్తిగా తుడవాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక జింక ఖర్చయింది. జనవరి పొద్దున, మంచు మీద, నారింజ రంగు చొక్కాతో రెండు గంటలు కూర్చున్నాక అరవై గజాల్లో ఆడజింక ఒకటి వచ్చి ఆగింది. ట్రిగ్గరు నొక్కితే "టక్"మని ప్రైమరు ఒక్కటే పేలింది. నిప్పుదారిలో నేను రాసిన నూనె మందుని తడిపేసింది. జింక తలెత్తి నా వైపు చూసి, నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది. ఆ మాట చెబితే మా అమ్మ ఎంత సంతోషించిందో!

రెండో ఏడు ఒకటి దొరికింది. కాల్చగానే పొగలో ఏమీ కనబడదు. అది నిలబడ్డ చోటు దగ్గరి చెట్టుని ముందే గుర్తుపెట్టుకోవాలి. ఒహాయోలో అడవి జింకల్లో సీడబ్ల్యూడీ అనే జబ్బుని 2020లో మొదటిసారి గుర్తించారు. అందుకని మాంసాన్ని పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చాకే వండుకున్నాం. మా ఆవిడ అల్లం వెల్లుల్లి దట్టించి వేపుడు చేసింది. "తుపాకి కన్నా నేనే బాగా దట్టించాను" అంది. అందులో సగం మా పెద్దాయన ఇంటికి పంపాం.

చివరగా, ఇంటి సంగతి. ప్రైమరు తీస్తే ఖాళీ అనేది అడవిలో చెల్లే లెక్క అన్నాను. మా ఇంటి గడప లోపల ఖాళీ అంటే మందూ గుండూ రెండూ నెట్టేసి, గొట్టంలోంచి అవతలి వెలుతురు కనబడాలి. తుపాకి ఒక తాళంలో, మందు ఇంకో తాళంలో, ప్రైమర్లు వేరేగా ఉంటాయి. తాళంచెవులు ఎక్కడున్నాయో మా ఇద్దరికే తెలుసు. లైసెన్సు గడువు తేదీ ఇద్దరి ఫోన్లలోనూ గుర్తు పెట్టుకున్నాం.

ఈ మధ్య నా లైసెన్సు కాగితం వెతుకుతుంటే పాస్‌పోర్టులు, వీసా కాగితాలు ఉన్న ఫైల్లోనే దొరికింది. ఎప్పుడు పెట్టానో గుర్తులేదు. తాతయ్య ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఆయనకి తుపాకి ఎంతో ఆ రసీదూ అంతేనని ఇన్నాళ్ళకి అర్థమైంది.

వేటకి వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోవలసిన విషయం. వెళ్ళేవాళ్ళు మాత్రం లైసెన్సు, నిబంధనలు, తుపాకి అనే వరుస తప్పకండి.